మంచు వల వెనక నుంచి

పుష్య బహుళ తదియ
నీళ్లు: ఏడు బిందెలు. తెర: చిక్కన.

వంటింటి కిటికీకి బయట నీళ్లు పట్టడానికి కట్టిన మంచు వల ఈ పొద్దున బాగా తడిసింది. దాన్ని పిండి బిందెలు నింపడం ఎప్పుడూ దాని మీద పడే చినుకుల వీధి ఆట అయ్యాకే చేస్తాను. తడి వల మీదే బొమ్మ నిలుస్తుంది. పిండేసిన వలలోంచి వెలుతురు, ఆరేసిన చీరలోంచి ఎండ దూరినట్టు, అవతలికి పోతుంది. బొమ్మని వల మీద వేసే అటక మీది దీపం వెలిగించి, చోడి అంబలి కలుపుతూ కిటికీ ముందు నిలబడ్డాను. చినుకుల వీధి మెల్లగా వల మీద తేలింది. అక్కడ ఎప్పుడూ వానే.

ఆటలో నాయిక మనసు కోరే ఐదుగురు అబ్బాయిల్లో ఒకడు, విహారి, వచ్చాడు. వాడిది గొడుగులు బాగుచేసే దుకాణం. "వచ్చారా? మీరు వస్తారని గుమ్మంలోనే కూర్చున్నాను," అన్నాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ అదే మాట. నాకు మాత్రం రోజూ కొత్తగానే ఉంటుంది. మా ఇంట్లో నా కోసం గుమ్మంలో కూర్చున్న పాపాన ఎవరూ పోలేదు.

తర్వాత వల మీదే ఒక ప్రకటన వచ్చింది. ఆటని నడిపే గుట్ట మీది యంత్రశాల పాతబడిపోయిందట. ఈ మంచు కాలం వెళ్లగానే ఆట ఆపేస్తారట. చినుకుల వీధిలో ఉన్న ఐదుగురు అబ్బాయిలూ, వాళ్ల దుకాణాలూ, ఆ వానా అక్కడితో సరి.

మధ్యాహ్నం మా వీధిలో ఆట ఆడే ఆడవాళ్లమంతా పైడమ్మ వసారాలో కూర్చున్నాం. చివరికి ఆటని మాంగా పుస్తకంగా, అంటే జపాను తీరు బొమ్మల కథగా, అచ్చు వేయించాలని అనుకున్నాం. మాఘం పోయేలోగా పేజీలు తెస్తే కాగితం తను పెట్టుకుంటానని అచ్చుయంత్రం దాలినాయుడు ఒప్పుకున్నాడు. బొమ్మలు జుబేదా వేస్తుంది. ఈ కొండ మీద దుకాణాల బోర్డులన్నీ ఆ అమ్మాయి చేతివే. కథ కూర్చే పని నాకు పడింది.

"హైమొదినైతే ఏదీ వదల్దు. ఎవులింట్లో ఉప్పు ఎప్పుడైపోయిందో కూడా సెప్పగల్దు," అంది పైడమ్మ నన్ను చూపించి.

దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

పుష్య బహుళ అష్టమి
నీళ్లు: ఆరు బిందెలు. తెర: చిక్కన.

మొదటి పేజీలోనే ఆగిపోయాం. ఆటలో నాయికకి ముఖం లేదు. కిటికీ ముందు ఎవరు నిలబడితే వాళ్లే నాయిక. జుబేదా గుండ్రటి ముఖం వేస్తే అది నాదని పైడమ్మ అలిగింది. కోలముఖం వేస్తే అది పైడమ్మదని మిగతావాళ్లు అలిగారు. అందరి పోలికా కొంచెం కొంచెం కలిపి వేస్తే, "ఇదెవులు? దీన్ని మన ఈదిలోకి ఎవులు రానిచ్చారు?" అని అందరూ ఒక్కటయ్యారు.

"అలగైతే ముఖం మీద జుట్టు కప్పేసి వేసేత్తాను. దెయ్యంలా ఉంటాది, సరేనా?" అంది జుబేదా, కుంచె కడుక్కుంటూ.

సాయంత్రం మా ఆయన కొండ మీదికి తీగ మీద వచ్చే తీగబండి దిగి ఇంటికి వచ్చేసరికి వరండా నిండా ముఖాలు ఆరుతున్నాయి. ఆయన పేరు సన్యాసిరావు. పేరుకి తగ్గట్టే దేనికీ చలించడు. ఒక్కొక్క ముఖాన్నీ దాటుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏటే, నీ పెళ్లికొడుకులకి పిల్ల దొరకలేదేటి?"

"నవ్వకండి. అంబలి చల్లారిపోతంది."

"నా ముఖం ఎట్టండి. ఎవులూ కొట్లాడుకోరు."

జుబేదా వెళ్లే ముందు ఇంకొక ఇబ్బంది చెప్పింది. ఆటలో అబ్బాయిలంతా ఎప్పుడూ మనవైపే చూస్తుంటారు. పక్కనుంచి ఒక్కడి ముక్కు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. "వీళ్లకి చెవులున్నాయో లేవో కూడా నాకు తెలీదు హైమక్కా. పుస్తకం నిండా పెళ్లి ఫొటోల్లాగ ముందుకే నిలబెట్టాలా?"

ఇన్నేళ్లు చూసినా నేను కూడా చెవుల సంగతి గమనించలేదు. నావైపు చూస్తున్నంతసేపు ఇంకేం కావాలనిపిస్తుంది?

పుష్య బహుళ ద్వాదశి
నీళ్లు: ఆరు బిందెలు. తెర: చిక్కన.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

ఆటలో రేవు మెట్ల ఘట్టం ఒకటుంది. వానలో తడుస్తూ మనం మెట్ల మీద నిలబడి ఉంటాం. ఒక పక్క నుంచి విహారి గొడుగు తెస్తాడు. ఇంకో పక్క నుంచి ప్రద్యుమ్న తెస్తాడు. ప్రద్యుమ్నది టీ దుకాణం, తక్కువ మాట్లాడతాడు. ఎవరి గొడుగు కిందకి వెళ్లాలో తడి వల మీద చెయ్యి పెట్టి ఎంచుకోవాలి. నోటితో ఏం చెప్పినా తియ్యగా బదులిస్తారు గాని, చెయ్యి పెడితేనే కథ కదులుతుంది. నేను ఎప్పుడూ విహారి వైపే పెట్టాను. అప్పుడు ప్రద్యుమ్న, "పర్వాలేదు, వాన నాకు అలవాటే," అంటాడు. వెనక్కి తిరిగి వెళ్లడు. మనవైపే చూస్తూ పల్చబడి మాయమౌతాడు. ఈ ఆటలో ఎవరూ వీపు చూపించరు.

ఈ పొద్దున చెయ్యి ఎత్తానో లేదో పెరటి పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన వచ్చింది. వాళ్లిద్దర్నీ గొడుగులు పట్టుకుని అలాగే నిలబెట్టి పరిగెత్తాను. పాలు దించి, పొయ్యి తుడిచి, ఇంటి పక్కనుంచి తిరిగి వస్తుంటే వల వెనక మాటలు వినిపించాయి.

"నీ గొడుగుకి ఒక ఊచ విరిగింది," అంటున్నాడు ప్రద్యుమ్న.

"తెలుసు. ఊరందరివీ బాగుచేస్తాను. నాదే మిగిలిపోతుంది."

"చూపించు."

"ఆవిడ వస్తారేమో."

"వచ్చేదాకా చూపించు."

నేను వలకి బయట, మంచులో నిలబడి ఉన్నాను. దీపం లోపలుంది. కిటికీ ముందు నిలబడితేనే అది మనల్ని గుర్తుపడుతుంది. వల వెనక నేనున్నానని దానికి తెలియదు. వాళ్లిద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగారు. ప్రద్యుమ్న ముక్కు కొంచెం వంకర. ఊచ వంచి చూస్తూ విహారి పెదవి కొరుక్కుంటున్నాడు.

విహారి చెవి చూశాను. మామూలు చెవే. దాని మీద ఒక వాన చుక్క ఉంది.

మంచు విడిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. నీళ్లు పిండడం ఆలస్యమైంది.

మాఘ శుద్ధ పాడ్యమి
నీళ్లు: ఐదు బిందెలు. తెర: చిక్కనే, త్వరగా విడింది.

జుబేదాని పిలిచి వల వెనక నిలబెట్టాను. నేను లోపల రేవు మెట్లదాకా ఆట నడిపి, చెయ్యి పెట్టకుండా బయటికి వచ్చేశాను. చూస్తూ చూస్తూ ఆ అమ్మాయి తడి గట్టు మీదే కూర్చుండిపోయింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది.

"అక్కా, మనకి ఆడపిల్ల అక్కర్లేదు. వీళ్లిద్దరిదే కథ."

"ఇద్దరబ్బాయిలదా?"

"మాంగాల్లో ఇలాంటివి బోలెడు. నాకు పెళ్లికాక ముందు ఒక పెట్టె నిండా ఉండేవి. అబ్బాయికీ అబ్బాయికీ మధ్య ప్రేమ. సదివేది ఎక్కువ మనలాంటోళ్లే. నువ్వే సూడు, ప్రద్యుమ్న ఆ గొడుగు ఎలా పట్టుకున్నాడో. గొడుగు పట్టుకున్నట్టు లేదు, చెయ్యి పట్టుకున్నట్టు ఉంది."

చూశాను. నాకూ అలాగే ఉంది. కాని నా నోట వచ్చిన మాట వేరు. "విహారి మరి... నా కోసం కదా గుమ్మంలో కూర్చునేది?"

జుబేదా నవ్వలేదు. "నీ కోసమే అక్కా. నాకోసం కూడా. పైడమ్మ కోసం కూడా."

మధ్యాహ్నం మిగతావాళ్లకి చెప్పాం. నాయిక లేకపోతే ముఖం తగవు లేదు కాబట్టి చాలామంది ఊరుకున్నారు. పైడమ్మ మాత్రం తమలపాకు ఈనె తీస్తూ అడిగింది: "మరి అందులో నేనెక్కడుంటాను?"

వేరే మాట ఎత్తాను.

మాఘ శుద్ధ షష్ఠి
నీళ్లు: నాలుగు బిందెలు. తెర: మధ్యస్థం.

మంచు తగ్గుతోంది. లెక్క స్పష్టంగా ఉంది. తెర నిలిచే ప్రతి పొద్దునా నాకో, వాళ్లకో, ఒకరికే సరిపోతుంది. నేను ముందు నిలబడితే ఇద్దరూ నావైపు తిరుగుతారు. నేను తప్పుకుంటేనే ఒకరివైపు ఒకరు తిరుగుతారు. పుస్తకంలోకి ఎక్కనిది ఇక ఎక్కడా ఉండదు.

కాబట్టి రోజూ వాళ్లని మెట్ల మీద వదిలి బయటికి వస్తున్నాను. చెయ్యి పెట్టకుండా ఎంతసేపు ఉంచినా వాళ్లకి విసుగు లేదు. మాట్లాడుకుంటారు. ఇవాళ విహారి అన్నది జుబేదా గీస్తుంటే నేను పక్కన రాసుకున్నాను.

"నువ్వు వానలో మాయమైపోయిన ప్రతిసారీ తిరిగి చూద్దామనుకునేవాణ్ణి. మెడ తిరిగేది కాదు."

"చూడలేదనుకున్నాను," అన్నాడు ప్రద్యుమ్న.

"ఇప్పుడు తిరుగుతోంది. ఎందుకో తెలియదు."

"ఎందుకైతే ఏం. అటు తిప్పకు."

జుబేదా కుంచె ఆగింది. ఇద్దరం కాసేపు ఒకరివైపు ఒకరం చూసుకోలేదు.

మాఘ శుద్ధ దశమి
నీళ్లు: నాలుగు బిందెలకి తక్కువ. తెర: మధ్యస్థం.

ఇవాళ చెడగొట్టాను.

జుబేదా రావడం ఆలస్యమైంది. మెట్లదాకా నడిపి బయటికి రావాల్సినదాన్ని, లోపలే నిలబడిపోయాను. ఒక్కసారి వాడి మాట వినాలనిపించింది. విహారి నావైపు తిరిగి నవ్వాడు. "మనం మాట్లాడుకుని చాలా రోజులైంది. నా వల్ల తప్పేమైనా జరిగిందా?" అన్నాడు.

"ఏమీ లేదు నాయనా," అన్నాను. ఎవరైనా వింటే నవ్వుతారు. ఆ పొద్దంతా కబుర్లు చెప్పుకున్నాం. నా చేతి అంబలి గురించి అడిగాడు. నా జడ గురించి ఏదో మంచి మాట అన్నాడు. ప్రద్యుమ్న పక్కన గొడుగు పట్టుకుని, ముందుకే చూస్తూ, బొమ్మలా నిలబడి ఉన్నాడు. బొమ్మలా అని ఇదివరకు ఎన్నడూ అనిపించలేదు.

మంచు విడిపోయాక జుబేదా వల పక్కనుంచి తల పెట్టింది. ఎప్పుడో వచ్చిందట, వల వెనకే నిలబడి ఉందట.

"ఒక పొద్దు పోయింది అక్కా."

"తెలుసు."

"కోప్పడట్లేదు. పోయిందని సెప్పాను, అంతే."

భోజనం దగ్గర మా ఆయన నా ముఖం చూసి, "ఏటయింది, నీ అల్లుళ్లు ఏటన్నారు?" అన్నాడు. పెళ్లికొడుకులు ఎప్పుడు అల్లుళ్లయ్యారని అడిగాను. "నువ్వు ఆళ్లకి పెళ్లి సేత్తన్నప్పట్నుంచీ," అన్నాడు. పచ్చడి ఇంకొంచెం వేశాను.

మాఘ పూర్ణిమ
నీళ్లు: మూడు బిందెలు. తెర: పల్చన.

పేజీలన్నీ వరుసగా పరిచి చూసుకున్నాం. టీ దుకాణం ఘట్టం నేనే కూర్చాను. ప్రద్యుమ్న టీ కాస్తాడు, విహారి అతని కోసం తెచ్చిన చిన్న గొడుగు దుకాణం చూరుకి కడతాడు. తర్వాత టీ తాగుతారు.

"అక్కా, ఈ మూడో గ్లాసు ఎవరిది?"

చూసుకున్నాను. బల్ల మీద మూడు గ్లాసులు పెట్టమని రాశాను. వెతికితే ఆ ఒక్క చోటే కాదు. పడవలో మూడు పీటలున్నాయి. గుమ్మం బయట మూడు జతల చెప్పులున్నాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ప్రతి బొమ్మలోనూ మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను చెప్పినట్టే జుబేదా వేసింది. ఇంట్లో కంచాలు పెట్టే చెయ్యి నాది, తనని కూడా కలుపుకునే లెక్కపెడుతుంది.

ఇద్దరం కూర్చుని గ్లాసు చెరిపేశాం. పీట చెరిపాం. చెప్పులు చెరిపాం. మధ్య ఖాళీ ఉన్న పేజీలు చెరిపితే పోవు, మళ్లీ వెయ్యాలి. జుబేదా విసుక్కోకుండా మళ్లీ వేసింది. ఈసారి ఇద్దరి భుజాలూ తగిలాయి. ఒక్కసారిగా ఆ పేజీలో వాన చప్పుడు వినిపించినట్టయింది.

మాఘ బహుళ పంచమి
నీళ్లు: రెండు బిందెలు. తెర: పల్చన.

పైడమ్మ పేజీలు చూడడానికి వచ్చింది. రెండో పేజీలోనే పట్టుకుంది.

"విహారి పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద కదేటి? కుడి బుగ్గ మీదకెలా వచ్చింది? రోజూ సూసిన ముఖం నాకు తెలీదా?"

జుబేదా నాలిక కరుచుకుంది. వల వెనక నుంచి చూసి గీసింది కాబట్టి అన్నీ కుడిఎడమలు తారుమారయ్యాయి. దుకాణం తలుపు, ప్రద్యుమ్న గడియారం కట్టుకునే చెయ్యి, అన్నీ.

"మళ్లీ వేసెయ్యనా?" అంది నావైపు చూసి. వేసేదే, నేను చెబితే.

నేను ఆలోచించాను. పుట్టుమచ్చ ఎడమ బుగ్గకి మారిస్తే అది కిటికీ ముందు నిలబడి చూసినట్టు ఔతుంది. అక్కడ నిలబడితే వాళ్లు ఇలా ఒకరివైపు ఒకరు ఉండరు.

"వద్దు. మనం నిలబడ్డ చోటునుంచి అలాగే కనిపించారు."

పైడమ్మకి అర్థం కాలేదు. లోపల ఆట మెట్లదాకా నడిపి, ఆమెని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాను. మిగిలిన కాస్త మంచులో, వల వెనక నిలబెట్టాను. ప్రద్యుమ్న ఏదో అన్నాడు, విహారి తల వంచి నవ్వాడు. పైడమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, మంచు పడిందని చెప్పింది.

"నేనెక్కడుంటానని అడిగావు కదా," అన్నాను.

"ఊఁ. ఇక్కడ సలి ఎక్కువ," అంది. వెళ్లలేదు.

మాఘ బహుళ దశమి
నీళ్లు: ఒక బిందె. తెర: ఉండీ లేనట్టు.

చివరి పేజీ లేదు. ఇదే ఇప్పుడు మిగిలిన చిక్కు.

ఇన్నాళ్లూ వాళ్లు మెట్ల మీదే ఉన్నారు. నేను చెయ్యి పెట్టలేదు కాబట్టి కథ కదల్లేదు. విహారి వైపు పెడితే ప్రద్యుమ్న మాయమౌతాడు. ప్రద్యుమ్న వైపు పెడితే విహారి మాయమౌతాడు. పెట్టకపోతే యంత్రం ఆగేదాకా అక్కడే నిలబడి ఉంటారు. జుబేదా తనకి తోచిన ముగింపులు గీసి తెచ్చింది. అన్నీ అందంగా ఉన్నాయి. ఒక్కటీ వాళ్లది కాదు.

"వాళ్లు వెళ్లాలి అక్కా. మనం పంపినట్టు ఉండకూడదు."

మా ఆయన గుమ్మంలో కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. తలెత్తకుండా అన్నాడు: "ఆళ్లు గొడుగులట్టుకుని ఎందుకు నిలబడ్డారు?"

"నేను తడుస్తున్నానని."

"నువ్వు తడవకపోతే?"

జుబేదా, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. తను ఏదో పెద్ద మాట అన్నానని ఆయనకి తెలియదు. ఆయన ఇలా నా కోసం గుమ్మంలో కూర్చున్నాడా, లేక చుట్ట కోసం కూర్చున్నాడా అని మాత్రం నాకు అప్పుడు అనిపించింది.

మాఘ బహుళ త్రయోదశి
నీళ్లు: ఒక చెంబు. తెర: ఇదే ఆఖరు.

పొద్దున్నే తలుపు తీస్తే కొండ అంచు కనిపించింది. దాని కింద సముద్రం కనిపించింది. మంచు కాలమంతా కనిపించదు. కిటికీ దగ్గర మాత్రం కొంచెం మిగిలి ఉంది. రేపటికి ఉండదు.

జుబేదా వల వెనక్కి వెళ్లింది. నేను మూలనున్న నా గొడుగు తీశాను. గుడ్డ వెలిసింది, ఊచలు మాత్రం గట్టివి. దీపం వెలిగించి రేవు మెట్లదాకా నడిపాను. ఇద్దరూ నావైపు తిరిగారు. చాలా పల్చగా ఉన్నారు, వాళ్లలోంచి అవతలి కొండ కనిపిస్తోంది.

"వచ్చారా? మీరు వస్తారని—" అన్నాడు విహారి.

వంటింట్లో, దీపం ఎదుట, గొడుగు విప్పాను. ఇంట్లో గొడుగు విప్పకూడదని మా అమ్మ కొట్టేది. దాని కింద నిలబడ్డాను.

విహారి మాట ఆగిపోయింది. ఈ ఆటలో వాడి మాట ఆగడం నేనెప్పుడూ వినలేదు.

"నాకు గొడుగుంది," అన్నాను. "నేను తడవట్లేదు. మీరు వెళ్లిరండి."

ప్రద్యుమ్న నావైపు చూశాడు. అన్నేళ్లలో వాడి ముఖంలోకి నేను సరిగా చూసింది అప్పుడే. బదులేం చెబుతారో వినాలనిపించింది. విని ఉంటే ఉండిపోయేదాన్ని. గొడుగు మడవకుండానే వెనక్కి తిరిగి, పెరట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్నాను. పాలు లేవు. ఊరికే కూర్చున్నాను.

ఎండ వచ్చాక జుబేదా వచ్చింది. చేతిలో కాగితం ఇంకా తడిగా ఉంది. మాట్లాడకుండా నా ఒళ్లో పెట్టింది.

బొమ్మలో ఇద్దరూ మెట్లు దిగి వెళ్తున్నారు. వీపులు కనిపిస్తున్నాయి. ఆటలో ఎవరూ చూడని వీపులు. విహారి చొక్కా వెనక ఒక చోట కుట్టు ఊడింది. ఒక్క గొడుగే ఉంది, అది ఊచ విరిగినది. విరిగిన వైపు ప్రద్యుమ్న నడుస్తున్నాడు. ఒక భుజం తడుస్తోంది.

"ఏమైనా అన్నారా?"

"నాకు వినపడలేదు అక్కా. నవ్వుకుంటా వెళ్లారు."

పేజీ అంచున, రేవు స్తంభానికి ఆనించి, మడిచిన నల్ల గొడుగు ఉంది. ప్రద్యుమ్నది. బాగున్నది.

"ఇది తియ్యాలి," అన్నాను. "మూడో గ్లాసు తీశాం కదా, ఇది కూడా నా కోసమే పెట్టినట్టుంది. వెయ్యొద్దు."

"నేను వెయ్యలేదక్కా. వెళ్లేముందు ఆడే అక్కడ పెట్టాడు. పెట్టి, వంటింటి వైపు ఒకసారి సూశాడు."

కాగితం కిందా మీదా తిప్పి చూశాను. స్తంభం ఎడమ పక్కన ఉంది. జుబేదా వల వెనక నుంచి గీసింది కాబట్టి, కిటికీ ముందు నేను రోజూ నిలబడే చోటుకి అది కుడిపక్క. చెయ్యి చాపితే అందేంత దూరం.

పేజీలు మధ్యాహ్నం తీగబండిలో అచ్చుకి పంపాను. వల విప్పి, మడిచి, అటక ఎక్కించాను.